పాస్కల్‌లో పేరు ఎక్కడ కనిపిస్తుంది, ఎంతకాలం బతుకుతుంది

(కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బోర్డు మీద ఒక చిన్న ప్రోగ్రామ్ ముందే రాసిపెట్టాను. పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాశాను: వార్ అంటే వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) ప్రకటన, రైట్‌లైన్ అంటే అచ్చువేయడం. ఏ కంపైలరూ (ప్రోగ్రామ్‌ను యంత్ర భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్) దీన్ని ఒప్పుకోదు కానీ, మన పనికి ఇది చాలు. నేను మాట్లాడటం మొదలుపెట్టేలోపు ఒకసారి చదివి, ఏమి అచ్చవుతుందో మనసులో అనుకోండి.

ప్రోగ్రామ్ పరీక్ష;
వార్ ఎక్స్: ఇంటిజర్;

ప్రొసీజర్ చూపు;
బిగిన్
  రైట్‌లైన్(ఎక్స్)
ఎండ్;

ప్రొసీజర్ మార్చు;
వార్ ఎక్స్: ఇంటిజర్;
బిగిన్
  ఎక్స్ := 7;
  చూపు
ఎండ్;

బిగిన్
  ఎక్స్ := 3;
  మార్చు;
  చూపు
ఎండ్.

ముందు వరుసలో ఎక్కువమంది ‘ఏడు, మూడు’ అంటున్నారు. వెనుక నుంచి ‘మూడు, మూడు’ అని ఒక గొంతు వినిపించింది. వెనుక వారిదే సరైన జవాబు. రెండుసార్లూ మూడే అచ్చవుతుంది.

ఏడు అన్నవారి తర్కం నాకు తెలుసు. మార్చు నడుస్తోంది, అందులో ఎక్స్‌కి ఏడు ఇచ్చాం, అక్కడి నుంచే చూపును పిలిచాం, కాబట్టి చూపుకి కనిపించేది ఆ ఏడే అని. ప్రోగ్రామ్ నడిచే వరుసలో ఆలోచిస్తే అలాగే తోస్తుంది. కానీ పాస్కల్ కంపైలర్ ప్రోగ్రామ్‌ను మనం కాగితం చదివినట్టు పై నుంచి కిందికి చదువుతుంది. చూపు లోపలి ఎక్స్ దగ్గరికి వచ్చేసరికి మార్చు అనే ప్రొసీజర్ ఒకటి ఉందన్న సంగతే దానికి తెలియదు. అప్పటికి కనిపించే ఎక్స్ ఒక్కటే, ప్రోగ్రామ్ మొదట్లో ప్రకటించినది. ఆ పేరుకి ఆ వేరియబుల్‌ను అక్కడికక్కడే ముడివేసి ముందుకు పోతుంది. తరువాత చూపును ఎవరు పిలిచినా ఆ ముడి మారదు. ఎవరు పిలిచారన్నది అప్రస్తుతం, ఎక్కడ రాశారన్నదే లెక్క. ఈ రోజు నేను చెప్పదలచిన విషయం ఇదే. మిగతాదంతా దీని పర్యవసానం.

ఏడు అన్నవారు సిగ్గుపడాల్సిన పని లేదు. తొలినాళ్ల లిస్ప్ భాషలో ఇలాంటి ప్రోగ్రామే రాస్తే ఏడు, మూడు అనే వచ్చేది. అక్కడ పేరుకి అర్థం పిలిచిన వారిని బట్టి ఉండేది. అదీ ఒక పద్ధతే, కాకపోతే ఒక ప్రొసీజర్ అర్థం కావాలంటే దాన్ని పిలిచే చోట్లన్నీ వెతుక్కుంటూ పోవాలి.

ఇప్పుడు చూపును అక్కడి నుంచి తీసి, మార్చు లోపల, దాని వార్ లైనుకి కింద, దాని బిగిన్‌కి పైన పెడదాం. ఒక్క అక్షరం కూడా మార్చడం లేదు, చోటు మాత్రమే మారింది. ఇప్పుడు చూపుకి చుట్టూ ఉన్నది మార్చు. దాని ఎక్స్ దగ్గరిది, కాబట్టి ఏడు వస్తుంది. అయితే ఇంకో మార్పు కూడా జరిగింది, గమనించారా? ప్రధాన భాగంలో చివర ఉన్న ‘చూపు’ అనే పిలుపు దగ్గర కంపైలర్ ఆగిపోతుంది. అలాంటి పేరు లేదంటుంది. చూపు ఇప్పుడు మార్చు సొంత సరుకు, బయటివారికి కనిపించదు. లోపలి నుంచి బయటికి చూడవచ్చు, బయటి నుంచి లోపలికి చూడలేం.

ఈ ఏర్పాటు పాస్కల్‌తో పుట్టింది కాదు. 1960 నాటి ఆల్గాల్ 60 భాషలోనే బ్లాకులు (బిగిన్, ఎండ్ మధ్య భాగాలు), బ్లాకుల్లో బ్లాకులు, ప్రొసీజర్లలో ప్రొసీజర్లు ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నిక్లాస్ విర్త్ 1970లో పాస్కల్‌ను ప్రచురించినప్పుడు ఆ వారసత్వాన్ని కొంత తగ్గించి తీసుకున్నారు. ఆల్గాల్‌లో ఏ బిగిన్ తరువాతైనా కొత్త వేరియబుల్ ప్రకటించుకోవచ్చు. పాస్కల్‌లో ఆ వీలు లేదు. ప్రకటనలు ప్రోగ్రామ్ మొదట్లోనో, ప్రొసీజర్ లేదా ఫంక్షన్ మొదట్లోనో మాత్రమే ఉంటాయి. అంటే కొత్త స్కోప్ (పేరు కనిపించే పరిధి) కావాలంటే కొత్త ప్రొసీజర్ రాయాల్సిందే. ప్రొసీజర్ లోపల ప్రొసీజర్ పెట్టే ఈ నెస్టింగ్ పాస్కల్‌లో అంత ముఖ్యం కావడానికి ఇదొక కారణం.

లోపలి పేరు బయటి పేరును కప్పేయడం గురించి ఎక్కువ చెప్పను. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతాం. ఇంటి లోపల ఆ పేరు పెట్టి కేకేస్తే మనవడే పలుకుతాడు. తాత పోయినట్టు కాదు, ఆ పిలుపు ఆయన దాకా వెళ్లదంతే. మార్చు నడుస్తున్నంతసేపూ బయటి ఎక్స్ తన మూడుతో భద్రంగానే ఉంది.

చాలామందికి తెలియని మెలిక ఒకటి చెబుతాను. ఇంటిజర్, ట్రూ, రైట్‌లైన్ లాంటివి పాస్కల్‌లో రిజర్వ్డ్ పదాలు (భాష తనకే అట్టేపెట్టుకున్నవి) కావు. మన ప్రోగ్రామ్ మొత్తాన్ని చుట్టుకుని, దానికి బయట మరొక స్కోప్ ఉన్నట్టు, ఈ పేర్లు అందులో ముందే ప్రకటించి ఉన్నట్టు భావించాలి. కాబట్టి మన ప్రోగ్రామ్‌లో వాటిని కప్పేయవచ్చు. ‘కాన్‌స్ట్ ట్రూ = ఫాల్స్’ (ట్రూ అనే స్థిరాంకం విలువ ఫాల్స్) అని రాస్తే పాస్కల్ కిమ్మనకుండా ఒప్పుకుంటుంది. ఆ తరువాత మీ ప్రోగ్రామ్‌లో సత్యమన్నదే ఉండదు. (నవ్వులు) బిగిన్, ఇఫ్, వైల్ మాత్రం రిజర్వ్డ్ పదాలు, వాటి జోలికి వెళ్లలేరు.

ఇంకో మెలిక, ఇది కంపైలర్ రాసేవారిని కూడా తికమకపెట్టింది. బయట ‘కాన్‌స్ట్ ఎన్ = 10’ అని ఉంది. లోపలి ప్రొసీజర్‌లో మొదట ‘కాన్‌స్ట్ ఎమ్ = ఎన్’ అని, దాని కింది లైనులో ‘ఎన్ = 20’ అని రాశాం. ఎమ్ విలువ ఎంత? పై నుంచి కిందికి చదివే కంపైలర్‌కి ఎమ్ దగ్గర బయటి ఎన్ కనిపిస్తుంది, పది అంటుంది. కానీ లోపలి ఎన్ పరిధి ఆ ప్రొసీజర్ బ్లాకు మొత్తం అనుకుంటే, ఎమ్ లైనులో ఉన్నది కూడా లోపలి ఎన్నే, దాన్ని ప్రకటించకముందే వాడినట్టు అవుతుంది. 1977లో వెల్ష్, స్నీరింగర్, హోర్ అనే ముగ్గురు పాస్కల్‌లోని అస్పష్టతల మీద ఒక వ్యాసం రాశారు. నిర్వచనం ఇలాంటి చోట్ల ఎంత వదులుగా ఉందో అందులో ఎత్తిచూపారు. 1983లో వచ్చిన ఐఎస్ఓ 7185 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ తగువు తీర్చింది. పేరు పరిధి దాన్ని ప్రకటించిన బ్లాకు మొత్తం, వాడకం మాత్రం ప్రకటన తరువాతే ఉండాలి. పాయింటర్ (మరో విలువ ఉన్న చోటును చూపేది) రకాలకు ఒక్కదానికే మినహాయింపు. ఆ లెక్కన మన ఉదాహరణ తప్పు, కంపైలర్ దాన్ని తిరస్కరించాలి. తిరస్కరించకుండా పది ఇచ్చి ఊరుకున్న కంపైలర్లు ఎన్నో ఉండేవి.

ఇప్పుడు అసలు కొంప ముంచే సంగతికి వద్దాం. నక్షత్రాల పటం అచ్చువేసే ప్రోగ్రామ్ అనుకోండి. పైన వార్ ఐ అని ప్రకటించాం. ‘వరుస’ అనే ప్రొసీజర్ ఫర్ లూపుతో ఐదు నక్షత్రాలు వేస్తుంది. ప్రధాన భాగంలో మరో ఫర్ లూపు ఉంది, ఐ ఒకటి నుంచి పది దాకా పోతూ ప్రతిసారీ వరుసను పిలుస్తుంది. వరుసలో తనకంటూ ఒక ఐ ప్రకటించడం మరిచిపోయారు. కంపైలర్‌కి బయటి ఐ కనిపిస్తుంది కాబట్టి తప్పు పట్టదు. చాలా పాత కంపైలర్లలో దీని సంగతి ఇలా ఉండేది: వరుస ముగిసేసరికి ఐ ఐదు దగ్గర ఉంటుంది. బయటి లూపు దాన్ని ఆరు చేసి మళ్లీ వరుసను పిలుస్తుంది. వరుస దాన్ని తిరిగి ఒకటి నుంచి ఐదుకి తెస్తుంది. బయటి లూపు మళ్లీ ఆరు చేస్తుంది. పది ఎన్నటికీ రాదు, తెర నిండా నక్షత్రాలే. అదే బయటి లూపు పదికి బదులు ఐదు దాకా అయితే? ఒక్క వరుస వేసి, పని అయిపోయిందని ఆగిపోతుంది. ఒకే తప్పు ఒకచోట ఆగని ప్రోగ్రామ్‌ను, మరోచోట తొందరగా ఆగే ప్రోగ్రామ్‌ను ఇచ్చింది.

ఐఎస్ఓ ప్రమాణం దీనికి గట్టి తాళమే వేసింది. ఫర్ లూపు నడిపే వేరియబుల్‌ను ఆ లూపు ఉన్న బ్లాకులోనే ప్రకటించాలి, బయటి నుంచి తెచ్చుకోకూడదు. అంతేకాదు, ఆ బ్లాకులో ఉన్న లోపలి ప్రొసీజర్లు కూడా ఆ వేరియబుల్‌ను మార్చే ప్రయత్నం చేయకూడదు. ఈ రెండో భాగం నెస్టింగ్ వల్లనే అవసరమైంది. లోపలి వారికి బయటివన్నీ కనిపిస్తాయి కదా, కనిపించేదాన్ని మార్చనూ వచ్చు. పాస్కల్‌లో ‘చూడవచ్చు కానీ ముట్టుకోకూడదు’ అని చెప్పే మార్గం లేదు. నా దృష్టిలో అది ఆ భాషలోని పెద్ద లోటు.

ఇక కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఇంతవరకు కాగితం మీద మాట్లాడుకున్నాం. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కాగితం ఉండదు, స్టాక్ (ఒకదానిపై ఒకటి పేర్చుకుంటూ పోయే మెమరీ భాగం) ఉంటుంది. ఒక ప్రొసీజర్‌ను పిలిచిన ప్రతిసారీ దాని లోకల్ వేరియబుల్స్‌కి స్టాక్ మీద ఒక ఫ్రేమ్ వస్తుంది, ముగియగానే పోతుంది. తన లోకల్స్ తన ఫ్రేమ్‌లో దొరుకుతాయి. గ్లోబల్స్ (ప్రధాన ప్రోగ్రామ్‌లో ప్రకటించినవి) ఎక్కడున్నాయో ముందే తెలుసు. చిక్కంతా మధ్యవాటితోనే, అంటే తనవీ కాక, గ్లోబల్సూ కాక, తనను చుట్టుకున్న ప్రొసీజర్‌కి చెందినవాటితో. ఆ ప్రొసీజర్ తనను తానే పిలుచుకునేదైతే దానికి స్టాక్ మీద ఒకేసారి పది ఫ్రేములు ఉండవచ్చు. వాటిలో ఏది మనది?

ఇందుకే ప్రతి ఫ్రేమ్‌లో తిరుగు చిరునామాతో పాటు రెండు లింకులు పెడతారు. నన్ను పిలిచింది ఎవరన్నది డైనమిక్ లింక్ చెబుతుంది, పని ముగిశాక ఎవరి ఫ్రేమ్‌కి తిరిగి వెళ్లాలో దానితో తెలుస్తుంది. కాగితం మీద నన్ను చుట్టుకున్నవారి ఫ్రేమ్ ఏదన్నది స్టాటిక్ లింక్ చెబుతుంది. పేర్లు వెతకడానికి రెండోదే కావాలి. ఎన్ని అడుగులు వెళ్లాలో కంపైలర్ ముందే లెక్కగడుతుంది. ప్రధాన ప్రోగ్రామ్ సున్నా మట్టం, అందులోని ప్రొసీజర్ ఒకటి, దాని లోపలిది రెండు. రెండో మట్టంలో ఉన్నవాడు ఒకటో మట్టపు వేరియబుల్ వాడితే ఒక్క అడుగు. స్టాక్ మీద మధ్యలో వంద ఫ్రేములు పడి ఉన్నా సరే, ఒక్క అడుగే. ఆమ్‌స్టర్‌డామ్‌లో డైక్‌స్ట్రా, జోన్నెవెల్డ్ కలిసి 1960లో ఆల్గాల్ 60కి కంపైలర్ రాసినప్పటికే ఈ చిక్కుకు విరుగుడు దొరికింది. రికర్షన్‌ను (ప్రొసీజర్ తనను తానే పిలుచుకోవడాన్ని) స్టాక్‌తో ఎలా నడపాలో డైక్‌స్ట్రా ఆ ఏడాదే వ్యాసంగా కూడా రాశారు.

మాటల్లో చెబితే తేలికగానే ఉంటుంది. ఈ ప్రొసీజర్‌ను చూడండి.

ప్రొసీజర్ దిగు(ఎన్: ఇంటిజర్; ప్రొసీజర్ పాతది);

  ప్రొసీజర్ లోపలిది;
  బిగిన్
    రైట్‌లైన్(ఎన్)
  ఎండ్;

బిగిన్
  ఇఫ్ ఎన్ = 1 దెన్
    పాతది
  ఎల్స్
    దిగు(ఎన్ - 1, లోపలిది)
ఎండ్;

ఏమీ చేయని ‘ఊరక’ అనే ప్రొసీజర్ ఒకటి బయట ఉందనుకోండి. ప్రధాన భాగం నుంచి దిగు(3, ఊరక) అని పిలుస్తాం. ఏది అచ్చవుతుంది?

నిదానంగా వెళదాం. మొదటి ఫ్రేమ్‌లో ఎన్ మూడు. ఒకటి కాదు కాబట్టి, తన లోపలిదాన్ని చేతికిచ్చి దిగును మళ్లీ పిలుస్తుంది. రెండో ఫ్రేమ్‌లో ఎన్ రెండు, పాతది అంటే మూడు గల ఫ్రేమ్‌కి చెందిన లోపలిది. ఇదీ తన లోపలిదాన్ని ఇచ్చి పిలుస్తుంది. మూడో ఫ్రేమ్‌లో ఎన్ ఒకటి, పాతది అంటే రెండు గల ఫ్రేమ్‌కి చెందిన లోపలిది. ఎన్ ఒకటయింది కాబట్టి ఇప్పుడు పాతదాన్ని పిలుస్తుంది. అది ఎన్‌ను అచ్చువేయాలి. స్టాక్ మీద మూడు ఎన్‌లు బతికే ఉన్నాయి: మూడు, రెండు, ఒకటి. అన్నిటికంటే పైన ఉన్నది ఒకటి. కానీ ఈ లోపలిది ఎన్ రెండుగా ఉన్నప్పుడు చేతికిచ్చినది. కాబట్టి అచ్చయ్యేది రెండు. దిగు ఫ్రేముల్లో కొత్తదాన్ని గుడ్డిగా తీసుకునే కంపైలర్ ఒకటి అచ్చువేస్తుంది, అది తప్పు.

ఇక్కడ ఒక సంగతి బయటపడుతుంది. ప్రొసీజర్‌ను పారామీటర్‌గా (పిలిచేటప్పుడు చేతికిచ్చే సరుకుగా) పంపడమంటే దాని కోడ్ చిరునామా ఒక్కటే పంపితే సరిపోదు. దాని వెంట స్టాటిక్ లింకూ వెళ్లాలి. ఎప్పుడూ రెండూ జంటగానే. కొన్ని కంపైలర్లు ఈ బాధ్యతను తప్పించుకున్నాయి. పీసీల మీద ఒక తరానికి పాస్కల్ నేర్పిన టర్బో పాస్కల్‌లో ప్రొసీజరల్ వేరియబుల్‌కి లోపలి ప్రొసీజర్‌ను ఇవ్వనివ్వరు, బయటి మట్టంలో ఉన్నదే ఇవ్వాలి. అప్పుడు స్టాటిక్ లింక్ బెడద ఉండదు, చిరునామా ఒక్కటే చాలు.

1964లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ ఆల్గాల్ కంపైలర్లకు ఇలాంటి పరీక్షే, ఇంతకంటే చాలా గడుసుది, పెట్టారు. రికర్షన్‌నూ బయటి పేర్లనూ సరిగ్గా నిభాయించే కంపైలర్ ఏదో, మగవాడెవరో పిల్లవాడెవరో తేలాలన్నట్టు ఆ పరీక్షకు పేరు కూడా అలాగే పెట్టారు. పదితో మొదలుపెడితే సరైన జవాబు మైనస్ 67. నూత్ కాగితం మీద లెక్కవేసి ఊహించినది మైనస్ 121. అంతటివారికే కాగితం మీద తప్పింది. మీ ఏడు, మూడు జవాబుకి ఇక చింతించకండి.

ఇంతవరకు కనిపించడం గురించి. బతకడం గురించి రెండు మాటలు. పాస్కల్ ఈ రెంటినీ ఒకే తాడుతో కట్టేసింది. లోకల్ వేరియబుల్ ఎక్కడ ప్రకటిస్తే అక్కడే కనిపిస్తుంది, ఆ పిలుపు నడిచినంతసేపే బతుకుతుంది. యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ఫంక్షన్ రాయాలనుకోండి. కిందటిసారి వచ్చిన సంఖ్య దానికి గుర్తుండాలి. లోకల్‌గా పెడితే పిలుపు ముగియగానే పోతుంది. గ్లోబల్‌గా పెడితే బతుకుతుంది కానీ, ప్రోగ్రామ్‌లో ప్రతివారికీ కనిపిస్తుంది, ఎవరైనా చెరపవచ్చు. ఆల్గాల్ 60లో పిలుపు ముగిసినా లోకల్‌ను బతికించే ‘ఓన్’ అనే ఏర్పాటు ఉండేది, సీ భాషలో స్టాటిక్ ఉంది, పాస్కల్‌లో రెండూ లేవు. 1981లో కంప్యూటర్ శాస్త్రవేత్త బ్రయన్ కెర్నిహాన్ పాస్కల్ మీద చేసిన ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి, ఈ విషయంలో నేను ఆయన పక్షమే. విర్త్ దీనికి వెతికిన పరిష్కారం నెస్టింగ్‌ను ఇంకా లోతుగా తీసుకెళ్లడం కాదు. తన తరువాతి భాష మాడ్యులా 2లో మాడ్యూల్ (పేర్లను దాచిపెట్టే మూట) తెచ్చి, బతికేది బతుకుతూనే లోపల దాగి ఉండేలా చేశారు.

ఇక మీ ప్రశ్నలు.

పైథాన్‌లో ఫంక్షన్ లోపల ఫంక్షన్ రాసి దాన్ని తిరిగి ఇవ్వవచ్చు కదా, పాస్కల్‌లో ఎందుకు కుదరదని అడిగారు. మంచి ప్రశ్న. ప్రామాణిక పాస్కల్‌లో ప్రొసీజర్‌ను కిందికి పంపవచ్చు, పైకి తిరిగి ఇవ్వలేం. కిందికి పంపినంతకాలం చుట్టుకున్న ప్రొసీజర్ ఇంకా ముగియలేదు, దాని ఫ్రేమ్ స్టాక్ మీదే ఉంది, స్టాటిక్ లింక్ చూపించే చోటు ఖాళీ కాదు. పైకి ఇవ్వనిస్తే ఫ్రేమ్ పోయాక లోపలిది నడవాల్సి వస్తుంది. పైథాన్ అలాంటి వేరియబుల్స్‌ను స్టాక్ మీద కాక విడిగా దాచిపెడుతుంది, వాడేవారు ఎవరూ లేరని తేలాక చెత్తలో వేస్తుంది. పాస్కల్ ఆ ఖర్చు పెట్టదలచుకోలేదు. పైథాన్‌లోనూ ఇది మొదటి నుంచీ లేదు. లోపలి ఫంక్షన్ బయటి ఫంక్షన్ పేర్లను చూడటం 2001లో వచ్చింది. ‘నాన్‌లోకల్’ అని రాసి వాటికి కొత్త విలువ ఇవ్వడం 2008 నాటి పైథాన్ 3తో వచ్చింది.

సీ భాషలో నెస్టింగ్ ఎందుకు లేదన్నారు. అక్కడ ఫంక్షన్లన్నీ ఒకే మట్టంలో ఉంటాయి. కాబట్టి ఫంక్షన్ పాయింటర్ అంటే వట్టి చిరునామాయే, జంట అక్కరలేదు. జీసీసీ అనే కంపైలర్ తన సొంత పొడిగింపుగా సీలో నెస్టెడ్ ఫంక్షన్లను అనుమతిస్తుంది. పాయింటర్‌లో చిరునామా ఒక్కటే పడుతుంది కాబట్టి, స్టాటిక్ లింక్‌ను అందించడానికి స్టాక్ మీదే అప్పటికప్పుడు చిన్న కోడ్ ముక్క తయారుచేస్తుంది. దాంతో స్టాక్‌లోని బైట్లను ఆదేశాలుగా నడపనివ్వాల్సి వస్తుంది, భద్రత చూసుకునేవారికి అది నచ్చదు.

చివరి ప్రశ్న, నెస్టింగ్ ఎంత లోతు దాకా మంచిదని. నేనైతే ఒక్క మట్టం చాలంటాను. పాస్కల్‌లో లోపలి ప్రొసీజర్లన్నీ వార్ లైనులకూ బిగిన్‌కీ మధ్య దూరతాయి. మూడు మట్టాలయ్యేసరికి పైన ప్రకటించిన వేరియబుల్ ఒక పేజీలో, దాన్ని వాడే బిగిన్ మరో పేజీలో ఉంటుంది. విర్త్ ఇంకా ముందుకు వెళ్లారు. తరువాత తన ఓబెరాన్ భాషను సవరించినప్పుడు ప్రొసీజర్ల నెస్టింగ్‌ను ఉంచారు కానీ, మధ్య మట్టాల వేరియబుల్స్‌ను లోపలి నుంచి వాడటాన్ని నిషేధించారు. పేరు పూర్తిగా సొంతదై ఉండాలి, లేదా గ్లోబల్ అయి ఉండాలి. ఆ ఒక్క వాక్యంతో స్టాటిక్ లింక్ అవసరమే పోయింది, కంపైలర్ చిన్నదైంది. నాకు మాత్రం ఆ బేరం పూర్తిగా నచ్చలేదు. చుట్టుకున్నవారి పేర్లు చూడలేనప్పుడు లోపల ఉండి ఏం లాభం?

ల్యాబులో ఫ్రీ పాస్కల్ ఉంది. ఐఎస్ఓ మోడ్‌లో పెట్టి దిగు ప్రొసీజర్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నడపండి. నడిచాక ఒక్క మార్పు చేయండి: ఇఫ్, ఎల్స్ మొత్తం ముగిశాక, దిగు చివరి ఎండ్‌కి ముందు, మరోసారి పాతదాన్ని పిలవండి. ఎన్ని అంకెలు, ఏ వరుసలో వస్తాయో కాగితం మీద రాసుకున్నాకే మీట నొక్కండి. రేపటి క్లాసుకి ఆ కాగితం తీసుకురండి.